రెండు రోజుల సెలవూ, కొండల నడుమ చెరువూ

రెండు రోజులు సెలవు కలిసివస్తే చాలు, ఎవరింట్లోనైనా ముందు ఊటీ మాటే వస్తుంది. జనగామలో మా ఇల్లూ అందుకు మినహాయింపు కాదు. మా ఆవిడ ఊటీ అంది, పిల్లలు కొడైకెనాల్ అన్నారు. పోయి రావడానికే ఆ రెండు రోజులూ చాలవు గదా అన్నాను. పైగా, ఊటీ సరస్సు 1824లో సల్లివాన్ దొర కట్టించినది. కొడైకెనాల్ సరస్సు 1863 నాటిది. రెండూ మనుషులు కట్టవేసి చేసినవే! మన కాకతీయుల చెరువులు వాటికంటే ఆరువందల ఏళ్ళు పెద్దవి.

మహబూబాబాద్‌లో వున్న మా చెల్లెలు మాత్రం, "అంత దూరం ఎందుకన్నయ్యా, మా బయ్యారం చెరువుకే రారాదూ?" అంది. దాని పక్షాన న్యాయం లేకపోలేదు. ఆ చెరువు గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించింది. అక్కడి శాసనం వల్లనే కాకతీయుల తొలి తరాల వివరం చాలావరకు తెలిసింది. ఆడపడుచు చెరువు మీద ఆడపడుచుకు అభిమానం వుండదా మరి!

అయినా చివరికి లక్నవరమే ఖాయం చేశాం. కారణం మా అమ్మ. ఆమె పుట్టింటివారి పొలం ఆ చెరువు కిందిదే. చిన్నప్పుడు కాలవలో ఈ నీళ్ళలోనే ఆడుకుంది, నాట్లు వేసింది; చెరువును మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆడపిల్లను అడవిలోకి ఎవరు తీసుకుపోతారు? ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. "తూము దగ్గర ఒక్కసారి నిలబడితే చాలురా" అంటోంది. ముగ్గురు బిడ్డలమూ పక్కన వుండాలట. మేం ముగ్గురం కలిసేది పెళ్ళిళ్ళకూ చావులకూనాయె.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇది చూడడానికి కట్టిన సరస్సు కాదు. కొండల నడుమ సందులకు మాత్రం కట్టలు వేసి, వాననీటిని సేద్యానికి నిలిపారు. ఏప్రిల్‌లో పోయి "నీళ్ళేవీ?" అంటే, అవి ఎవరి మడిలోనో వరి అయిపోయి వుంటాయి. వానలు వెనకబట్టాక, దసరా దీపావళుల నడుమ పోతే చెరువు నిండుగా వుంటుంది. రెండేళ్ళకోసారి మాఘంలో మేడారం జాతర వస్తుంది. ఆ రోజుల్లో ములుగు రోడ్డు మీద కాలు పెట్టే సందుండదు.

ప్రయాణం చిక్కేమీ లేదు. జనగామ నుంచి మేమూ, మహబూబాబాద్ నుంచి చెల్లెలూ ఎదురెదురు రైళ్ళలో వచ్చి వరంగల్ స్టేషన్‌లో కలుస్తాం. అక్కణ్ణుంచి బండి మాట్లాడుకుని ములుగు మీదుగా పాలంపేట. 1213 నాటి రామప్ప గుడీ, దాని వెనక చెరువూ చూసుకుని (2021లో ఈ గుడి యునెస్కో జాబితాకెక్కింది), సాయంత్రానికి లక్నవరం. పర్యాటక సంస్థ బస ముందే రాయించుకోవాలి. పులిహోర మూట మాత్రం ఒళ్ళో పెట్టుకోండి, కోతులకు మొహమాటం లేదు. దీవికి పోయే వేలాడే వంతెన నడుస్తుంటే కొంచెం ఊగుతుంది. అమ్మను దాని మీద నడిపించమని పిల్లల పట్టు, వద్దని మా ఆవిడ. కట్ట మీదికి కుర్చీ తీసుకుపోదామని నేనంటున్నాను.

చిక్కల్లా మా తమ్ముడితోనే. భూపాలపల్లి బొగ్గు గనిలో పని. ఆదివారం సెలవే గాని శనివారం లీవు దొరకాలి. దొరక్క ఇప్పటికి రెండుసార్లు ప్రయాణం వాయిదా పడింది. అమ్మ పైకేమీ అనలేదు, సర్దుకున్న చీర మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. మొన్న రాత్రి వాడు ఫోన్ చేశాడు.

"లీవు మంజూరైందన్నా! శుక్రవారం నైట్ షిఫ్ట్ దిగి, స్నానం చేసి, గణపురం మీదుగా సీదా రామప్పకొస్త. గుడి మెట్లు అమ్మను ఎక్కనియ్యకుండ్రి. నేనొచ్చినంక ఎత్తుకుంట."