దేవదాసు ఎవరి సొత్తు?

పేరుమోసిన నవల సినిమాగా రాగానే ‘పుస్తకంలో ఉన్నట్టు లేదే’ అన్న ఫిర్యాదు మొదలవుతుంది. ఆ ఫిర్యాదులో పస ఎంతో తేల్చడానికి బెంగాల్లోని ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు తగినవాళ్లు. రైల్వే కొలువుల కోసం తరలివచ్చిన ఈ కుటుంబాల్లో ‘దేవదాసు’ నవల రాసిన శరత్‌బాబును బెంగాలీలోనే చదవగలిగినవాళ్లు ఉన్నారు. 1953 నాటి ‘దేవదాసు’ సినిమా వాళ్ల సొంతభాషలోదే. 1917లో వెలువడిన నవల చివర దేవదాసు పాండువా స్టేషన్లో రైలు దిగి, ఎడ్లబండిలో తాను ప్రేమించిన పార్వతి ఉన్న ఊరు చేరి కన్నుమూస్తాడు. ఆపైన రచయితే కల్పించుకుని, అలాంటి అభాగ్యుల కోసం ప్రార్థించమని పాఠకుణ్ణి వేడుకుంటాడు. తెరమీద ఆ వేడుకోలు ఉపన్యాసంలా వినిపిస్తుంది. అందుకే దర్శకుడు వేదాంతం రాఘవయ్య ఆ జాలిని ఘంటసాల గొంతుకూ, అక్కినేని వాలిన కళ్లకూ, సావిత్రి ముఖానికీ అప్పగించారు. నా లెక్కలో అది నవలకు చేసిన న్యాయమే.

అలాగని దర్శకుడు ఏం చేసినా చెల్లుతుందా? చెల్లదు. నవలను గుండెకు హత్తుకున్న పాఠకుడికి అడిగే హక్కుంది. అయితే అడగాల్సింది సన్నివేశాల లెక్క కాదు, పాత్ర మనసు గురించి. అర్ధరాత్రి గడప దాటి వచ్చిన పార్వతికి దేవదాసు ధైర్యంగా మాట ఇవ్వలేకపోయాడు. కథంతా ఆ పిరికితనం మీదే నిలిచింది. తాగుడును వీరత్వంగా చూపి ఆ పిరికితనాన్ని కప్పేసిన సినిమా, ప్రతి పేజీనీ తెరకెక్కించినా, శరత్‌కు ద్రోహం చేసినట్టే.