మా పేర్ల సంగతి - 6: మారెమ్మా? మారెక్కా?

మా తమ్ముడికి కూతురు పుట్టింది. వాడిది ధర్మవరంలో మగ్గం పని, మరదలిది పెనుకొండ. మేనత్తను కాబట్టి పేరు నన్నే చెప్పమన్నారు. హిందూపురం నుంచి ఫోన్ చేసి, "అవ్వ పేరు పెడదాం" అన్నాను.

చిక్కంతా అక్కడే. అవ్వ పేరేమిటి? రేషన్ కార్డులో మారెమ్మ. ఓటరు జాబితాలో మారెక్క. ఆధార్‌లో మారక్క. భూస్వాముల కళ్లంలో ఒట్టి మారి. కాగితాలు కలవలేదని ఒక ఆఫీసులో ఆమె పింఛను ఆరు నెలలు ఆపారు. "ముగ్గురిలో నువ్వెవరు?" అని అడిగితే, "ముగ్గురి కూలి పనీ నేనే చేసినా నాయనా" అందట.

మరదలు ఒప్పుకోలేదు. "వదినా, నీ పేరేమో సుజాత. నా బిడ్డకు మారెక్కనా? బడిలో నవ్వేది దాన్ని, నిన్ను కాదు కదా."

నిజమే. హాజరు పట్టీలో నా పేరు చూసి ఎవరూ కులం కనిపెట్టలేదు. ఆ రక్షణ అనుభవించి ఇంకొకరి బిడ్డకు ధైర్యం చెప్పడం తేలిక.

అయినా నా మాట వినండి. బ్రాహ్మణుడి పేరు మంగళాన్ని, క్షత్రియుడిది బలాన్ని, వైశ్యుడిది ధనాన్ని, శూద్రుడిది నిందను సూచించాలంటుంది మనుస్మృతి రెండో అధ్యాయం. ఆ వరుసలో మన ఊసే లేదు. నది పేరో పాము పేరో ఉన్న పిల్లను పెళ్లాడొద్దంటుంది మూడో అధ్యాయం. అంటే మన గంగమ్మలు, నాగమ్మలు పనికిరారు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. పేర్ల దగ్గరికొచ్చేసరికి మనకింకా దాని రుచే నచ్చుతోంది.

'మారి' అంటే రోగమంటాయి నిఘంటువులు. 2020లో పత్రికలు కరోనాను 'మహమ్మారి' అన్నాయి. మా వాడలో మారెమ్మ రోగం కాదు, రోగమొచ్చిన ఇంటికి ఎవరూ రానప్పుడు దిక్కయిన తల్లి.

ఇక చివరి రెండక్షరాలు. చెరువు కట్టించిన క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేరే ధర్మవరానికి పెట్టాడని చెబుతారు. అంబ అన్నా అమ్మ అన్నా ఒకటే. ఒక తల్లి పేరు ఊరికే పేరయింది. మా అవ్వకు 'అమ్మ' కూడా ఎక్కువని కోసేశారు. అందుకే ఆ తోక ఉండి తీరాలి.

రెండింట్లో నా ఓటు మారెక్కకే. కన్నడ సరిహద్దు మాది. హనుమక్క, తిప్పక్క, ఎల్లక్క మా నేల పేర్లు. 12వ శతాబ్దపు వచనకారిణి మహాదేవిని కన్నడిగులు అక్క అనే పిలుచుకున్నారు. పైగా తిట్టడానికి పిలిచేవాడు కూడా 'అక్క' అనక తప్పదు!

కానీ నిర్ణయం కన్నతల్లిది. తొందరేం లేదు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించవచ్చు, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఏ పేరైనా ప్రతి కాగితంలో ఒకేలా రాయించండి. అవ్వ పడిన తిప్పలు బిడ్డకు వద్దు.

మరదలి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఒకటే. నవ్వేవాళ్లు ముందు నన్ను చూసి నవ్వనీ. ఈ వ్యాసం నుంచి నా సంతకం మారుతోంది.

జై భీమ్.
- సుజాత మారెక్క