పరుగు నేర్పువారు పరుగెత్తవలెనా?

పరుగు పందెములకు బాలబాలికలను సిద్ధము చేయు ఉపాధ్యాయుడు వారితోపాటు తానును పరుగెత్తవలెనా, లేక ఈలయు స్టాపువాచియు చేతబట్టి మైదానపు టంచున నిలువవలెనా యను ప్రశ్న క్రీడోత్సవములు సమీపించినప్పుడెల్ల మన పాఠశాలలలో వినబడుచున్నది. కుర్చీలో కూర్చున్నవారికి మా ఆయాస మెట్లు తెలియునని విద్యార్థులందురు. పంతులుగారు నిక్కరు తొడిగి పిల్లలతో సమానముగా నురుకుట యేమి గౌరవమని పెద్దలలో కొందఱందురు. ఈ రెండవ యాక్షేపణను మేము లెక్కింపము. చెమట పట్టినంత మాత్రమున గురుత్వము కరిగిపోదు. మొదటిది మాత్రము విచారింపదగినది.

న్యూజీలాండు దేశీయుడగు ఆర్థర్ లిడియార్డు బూట్ల కర్మాగారమున పనిచేసినవాడు. ఎంత దూరము పరుగెత్తిన దేహమునకు మేలు, ఎంత మీఱిన కీడు అను సంగతిని ఆయన ఏండ్ల తరబడి తన కాళ్లమీదనే పరీక్షించి తెలిసికొనెను. వారమునకు నూఱు మైళ్లు, అనగా రమారమి 160 కిలోమీటర్లు, ఆయనకు తేలిన లెక్క. (ఇది పెద్దవారి లెక్క, మన పిల్లలెవ్వరును దీని ననుకరింపరాదు.) పిమ్మటనే దానిని శిష్యులకు నేర్పెను. 1960లో రోము ఒలింపిక్సునందు వారిలో పీటర్ స్నెల్ 800 మీటర్లలోను, మర్రే హాల్బర్గు 5,000 మీటర్లలోను ఒక్కనాడే స్వర్ణపతకములు గెలిచిరి.

అంతమాత్రమున వాదము ముగియలేదు. కెన్యా దేశమున, సుమారు 2,400 మీటర్ల యెత్తుననున్న ఇటెన్ అను ఊరిలో సెయింట్ పాట్రిక్స్ అను మిషను ఉన్నత పాఠశాల కలదు. 1976లో బ్రదర్ కోల్మ్ ఓకానెల్ ఐర్లండునుండి అచ్చటికి భూగోళశాస్త్రము బోధింప వచ్చెను. ఆయన పరుగు పందెగాడు కాడు. ఆ విద్యలో శిక్షణ పొందినవాడును కాడు. నిలిచి, ఓపికతో చూచుటయే ఆయన సాధనము. ఆ పాఠశాల విద్యార్థియైన పీటర్ రోనో 1988లో సియోలునందు 1,500 మీటర్ల స్వర్ణపతకము గెలిచెను. ఓకానెల్ గారి శిక్షణ పొందిన డేవిడ్ రుడీషా 2012లో లండనునందు 800 మీటర్లను 1 నిమిషము 40.91 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు స్థాపించెను. భూగోళము బోధించు మావంటివారికి ఈ వృత్తాంతము కొంత ధైర్యము నిచ్చును.

పరుగెత్తువానికి ముందున్నవాని వీపు మాత్రమే కనబడును. అంచున నిలిచినవాడు భుజములు బిగియుటను, అడుగు తప్పుటను, నొప్పి దాచుకొని కుంటుచున్న పిల్లవానిని చూడగలడు. మఱియొక చిక్కు మన మర్యాదవలన కలుగుచున్నది. మన పిల్లలు అయ్యవారిని దాటిపోవుటకు జంకుదురు. నలువది యేండ్లు దాటిన మావంటివారు ముందు పరుగెత్తినచో, చుఱుకైన బాలుడు గౌరవమునకై తన వేగమును తగ్గించుకొని వెనుకనే వచ్చును. ఉపాధ్యాయుడు బలిష్ఠుడైనచో కీడు వేఱొక విధముగా వచ్చును; ఆయన తన పౌరుషము చూపబోయి కడపటివారిని మఱచును.

కావున మిక్కిలి వేగముగా పరుగెత్తించు దినములందు ఆయన అంచుననే నిలువవలెనని మా యభిప్రాయము. మెల్లగా బహుదూరము పోవు దినములందు మాత్రము పిల్లలతో పోవలెను. అయితే ముందు గాదు, అందఱికంటె వెనుక, కడపటి పిల్లవానితో. మఱునాటినుండి మానివేయ దలచుచున్నవాడు సాధారణముగా వాడే. ఆ పిల్లవానికి ప్రక్కన వినబడు అడుగుల చప్పుడు దూరమునుండి వచ్చు ఈలకంటె ఎక్కువ పనిచేయును. మార్చి మాసపు ఎండ యెట్టిదో, గట్టినేల మోకాళ్ల కేమి చేయునో గురువునకు వేఱుగా చెప్పనక్కఱలేకపోవును. మోకాళ్లు సహకరింపనివారికి సైకిలు చాలును.

దీనికి వ్యయము స్వల్పము. ముందు పోవు గుంపునకు పెద్ద తరగతి విద్యార్థి నొకని నాయకునిగా నియమింపవలెను. రోడ్డు దాటుచోట మఱియొక ఉపాధ్యాయుని నిలుపవలెను. వ్యాయామోపాధ్యాయునికి సాయంకాలపు రిజిస్టర్ల పనియు, సెలవుపెట్టినవారి తరగతులును తప్పించి ఆ యొక్క గంటను ప్రధానోపాధ్యాయులవారు విడిచిపెట్టినచో, వచ్చు జూన్ మాసమునుండియే దీని నారంభింపవచ్చును.