బిందెలో ఉంగరం, మంచులో నడక

డెన్వర్ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, జనవరిలో కొండ మీదికెళ్లి మేమిద్దరమే పెళ్లి చేసుకుంటాం. అమ్మకు నువ్వే నచ్చజెప్పాలి" అంది. ఇంగ్లీషులో దాన్ని ఎలోప్‌మెంట్ అంటారు. తెలుగులో దానికున్న మాట లేచిపోవడం. ఆ మాట వినగానే మూసుకున్న తలుపులు, తల దించుకున్న తండ్రులు గుర్తొస్తారు. పోతన భాగవతంలో రుక్మిణి తానే కబురంపి, కృష్ణుడి రథమెక్కి వెళ్లిపోయింది. ఆ కథను ఈడొచ్చిన ఆడపిల్లల చేత పారాయణ చేయించిన ఇళ్లే మనవి. అయినా ఆ మాటంటే మనకు భయం పోలేదు.

ఇంగ్లండులోనూ ఒకప్పుడు అది పారిపోవడమే. 1754లో అక్కడ వివాహ చట్టం బిగిశాక ప్రేమికులు సరిహద్దు దాటి, స్కాట్లండులోని గ్రెట్నా గ్రీన్‌కు పరుగెత్తేవారు. సాక్షులుంటే చాలు, కమ్మరి దాగలి ముందు పెళ్లయిపోయేది. ఇవాళ అమెరికాలో ఆ పరుగు లేదు. కొలరాడోలో పురోహితుడు, సాక్షులు లేకుండా జంట తమ పెళ్లి తామే జరుపుకోవచ్చు. కౌంటీ ఆఫీసులో తీసుకున్న లైసెన్సు 35 రోజులు చెల్లుతుంది. పెళ్లయ్యాక సంతకాలు చేసి 63 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలి.

పిల్ల ఏర్పాట్లన్నీ చెప్పింది. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో బేర్ లేక్ ఒడ్డు, అందుకు పార్కువాళ్ల అనుమతి, ఫొటోగ్రాఫర్. ఇరవై నిమిషాలు నిలబడి ప్రమాణాలు, ఆపైన హోటల్. నాకు మనసు చివుక్కుమంది. వాళ్లిద్దరే వెళ్తున్నందుకు కాదు, అంత దూరం వెళ్లి మంచును ఫొటో వెనక తెరలా వాడుకుని వచ్చేస్తున్నందుకు.

మన పెళ్లిలో మంత్రమెంతో ఆటా అంతే. బిందెలో ఉంగరం వేసి ఇద్దరి చేతా వెతికిస్తాం. పూలబంతులాడిస్తాం. తలంబ్రాల దగ్గర పోటీ పెడతాం. నీళ్లలో ఒకరి చేయి ఒకరికి తగిలి నవ్వు పుడుతుంది, కొత్త బెరుకు అక్కడే విరుగుతుంది. మా అమ్మ పెళ్లి అయిదు రోజులు జరిగిందట. ఇప్పటి ఫంక్షన్ హాళ్లలో ఆ ఆట కెమెరా కోసం రెండు నిమిషాలు సాగుతుంది, ఉంగరం ఎవరికి దొరికిందో చూసేలోపే భోజనాలకు పిలుపు. ఎవరూ తొందరపెట్టని రోజు చేతిలో ఉన్నప్పుడు ఆ ఆటను వదులుకోవడమెందుకు?

"నడవండమ్మా" అన్నాను. బేర్ లేక్ నుంచి డ్రీమ్ లేక్ 1.1 మైళ్లు. కాళ్లు మంచులో దిగబడకుండా బూట్లకు స్నోషూలు కట్టుకుంటే కొత్తవాళ్లూ వెళ్లగలరు. మొదలే 9,475 అడుగుల ఎత్తు. నాలుగడుగులకే ఆయాసం వస్తుంది, ముందు నడిచేవాళ్లు వెనకవాళ్ల కోసం ఆగక తప్పదు. ఆ ఆగడం, చెయ్యందించడం, ఫ్లాస్కులో చాయ్ ఒకే మూతలో పంచుకోవడం నాకు ప్రమాణాలంత ముఖ్యంగా తోస్తాయి. నడక ఇష్టం లేకపోతే డెన్వర్ దగ్గరే ఎవర్‌గ్రీన్ లేక్ ఉంది, చలికాలంలో స్కేటింగ్ చేయొచ్చు. ఏదో ఒక్కటే పెట్టుకోవాలి. నాలుగు పెట్టుకుంటే మళ్లీ ఫంక్షన్ హాలు హడావుడే.

జాగ్రత్తలు కూడా చెప్పాను. జనవరిలో సాయంత్రం అయిదు ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది, కొండల నీడ అంతకన్నా ముందే కమ్ముతుంది. పొద్దున్నే బయల్దేరాలి. 30 డిగ్రీలు దాటిన వాలు కింద ఆగకూడదు, మంచు చరియలు జారేది అలాంటి చోటే. ఆ రాష్ట్రంలో మంచు చరియల సమాచార కేంద్రం రోజూ హెచ్చరికలిస్తుంది, అవి చూడకుండా అడుగు కదపొద్దు. పట్టుచీర కట్టుకో, కానీ లోపల ఉన్ని వేసుకో. నూలు బట్ట చెమటకు తడిస్తే ఒళ్లు చల్లబడిపోతుంది. ఇంకొకటి. చలికి వేళ్లు సన్నబడతాయి, ఉంగరం వదులవుతుంది. చేతి తొడుగు తీసేటప్పుడు జాగ్రత్త. బిందెలో ఉంగరం వెతికితే దొరుకుతుంది, మంచులో పడితే కరిగేదాకా ఆగాలి.

"తలంబ్రాలు అక్కడే పోసుకుంటాం" అంది. వద్దన్నాను. పార్కులో బియ్యం చల్లనివ్వరు. అది పక్షులూ జంతువులూ ఉండే చోటు. ముందురోజు ఇంట్లోనే పోసుకోమన్నాను.

ఈ మాట విన్నాకే అక్క మెత్తబడింది. కొండ మీదికి వాళ్లిద్దరే వెళ్తారు, తలంబ్రాలకు మాత్రం తనుంటుంది. నిన్న టికెట్ తీశాం. బియ్యం, పసుపు అక్కడే కొనొచ్చని చెప్పినా వినకుండా పసుపు పొట్లం పెట్టెలో పెట్టుకుంది. ఇప్పుడు వాళ్లాయన ఉన్ని స్వెటర్లలో ఏది అల్లుడికి సరిపోతుందో వెతుకుతోంది.