నురగ అణిగాక కొలవాలి

శుక్రవారం సాయంత్రం ఫహాహీల్ సముద్రపు ఒడ్డున నడవడం మాకు అలవాటు. దూరంగా ఆగి ఉన్న ఓడల దీపాలు పిల్లలు లెక్కపెడుతుంటారు. మాకు దక్షిణాన మీనా అల్ అహ్మదీ. 1946 జూన్ 30న కువైట్ ముడిచమురు మొదటిసారి ఓడెక్కింది అక్కడే. ఆ దీపాలు చూస్తే నాకు మా తమ్ముడు గుర్తొస్తాడు. వాడు ఓడలో ఫోర్త్ ఇంజనీరు. ఓడకి ఇంధనం ఎక్కించినప్పుడు కొలతలు చూసేది వాడే. ఆ పనిని బంకరింగ్ అంటారు.

"బంకులో కారుకి పెట్రోలు కొట్టించినట్టేగా?" అన్నాను ఒకసారి. నవ్వాడు. పెద్ద ఓడలు ఎక్కువగా కాల్చేది పెట్రోలు, డీజిలు తీసేశాక అడుగున మిగిలే చిక్కటి నూనెట. వేడి చేస్తేగాని పంపులో పారదు. అందులో గంధకం ఎక్కువ. కాలితే వచ్చే పొగ రేవుల పక్కన బతికేవాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

2020 జనవరి 1 దాకా ఆ నూనెలో 3.5 శాతం వరకు గంధకం ఉండొచ్చు. ఆ రోజు నుంచి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆ హద్దుని 0.5 శాతానికి దించింది. మన దేశంలో బీఎస్-6 డీజిల్‌తో పోలిస్తే ఇది కూడా 500 రెట్లు. అయినా మునుపటికీ ఇప్పటికీ చాలా తేడా.

శుభ్రమైన సరుకుకి ధర ఎక్కువని మనకి తెలియంది కాదు. 2020 మొదటి రోజుల్లో కొత్త నూనెకీ పాతదానికీ టన్నుకి 300 డాలర్లకి పైగా తేడా వచ్చింది. రోజుకి 50 టన్నులు కాల్చే ఓడ అనుకోండి. ఒక్కరోజుకే 15,000 డాలర్లు! మనం ఇక్కడ కొనే సోనామసూరి బస్తా కూడా ఓడలోనే వస్తుంది. ఆ ఖర్చులో పిసరంత మన బిల్లులోనూ ఉంటుంది.

పాత నూనే వాడాలనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. పొగగొట్టంలో స్క్రబ్బర్ అనే యంత్రం పెట్టి, పొగని సముద్రపు నీటితో కడుగుతారు. కొన్ని రకాల్లో ఆ కడిగిన నీళ్లు మళ్లీ సముద్రంలోకే పోతాయి. అందుకే సింగపూరు, ఫుజైరా రేవులు 2020 నుంచి అలా వదలడాన్ని నిషేధించాయి. ఇది విన్నప్పుడు నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. కువైట్‌లో మనం తాగేది దాదాపు అంతా ఉప్పు తీసిన సముద్రపు నీళ్లే కదా! గాలిలోంచి తీసినదాన్ని నీళ్లలో కలిపితే ఎవరికి లాభం?

ఇక అసలు సంగతి. ఒక రాత్రి రెండింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. ఏదో రేవు బయట ఆగి ఉన్నారు. బార్జి పక్కనే ఉంది. కాగితం మీద ఉన్న లెక్కకీ, వీడు టేపు దించి కొలిచిన లెక్కకీ పన్నెండు టన్నులు తేడా. పైగా ట్యాంకులో నూనె మీద నురగ. గొట్టంలోకి గాలి ఊది పంపితే నూనె ఉబ్బి ఎక్కువగా కనిపిస్తుందట. బార్జివాళ్లు "నీకు కొలవడం రాదు, సంతకాలు కానివ్వండి" అంటున్నారు. ఆఫీసు నుంచేమో ఆలస్యమవుతోందని ఒకటే ఫోన్లు.

"అక్కా, నేనే తప్పు కొలిచానంటావా?" వాడి గొంతు వణికింది.

నాకు ఓడల గురించి ఏం తెలుసు? విశాఖలో మా అమ్మ తెలుసు. పాలవాడు ఎత్తునుంచి పోసి గిన్నె నిండిందనేవాడు. అమ్మ కదిలేది కాదు. "నురగ అణగనీ, అప్పుడు చూద్దాం" అనేది. గిన్నె పట్టుకుని నిలబడింది వీడే.

"అమ్మ ఏం చేసేదిరా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "సరే అక్కా" అని పెట్టేశాడు.

మూడు గంటలు ఆగి మళ్లీ కొలిచాడట. తేడా తేడాగానే ఉంది. చీఫ్ ఇంజనీరు వాడి కొలతనే నమ్మి, అభ్యంతరం రాసి మరీ సంతకం పెట్టాడు. ఓడ ఆలస్యమైందని ఆఫీసువాళ్లు వాణ్ణి కేకలేశారు. మళ్లీ కాంట్రాక్టు ఇస్తారో లేదోనని ఆ నెలంతా నాకు నిద్ర లేదు. ఇచ్చారు లెండి.

సింగపూరులో 2017 నుంచి బరువు కొలిచే మీటరు లేనిదే ఈ నూనె అమ్మకూడదు. అన్ని రేవుల్లోనూ అదే నియమం ఉంటే మావాడికి ఆ రాత్రి ఉండేది కాదు. నియమం జనీవాలోనో లండన్‌లోనో రాసినా, దాన్ని నిలబెట్టేది అర్ధరాత్రి టేపు పట్టుకున్న పాతికేళ్ల కుర్రాడేనని నాకు అప్పుడు తెలిసింది.

ఎక్కించిన నూనెలో కొంత సీసాలో పోసి, సీలు వేసి, కనీసం 12 నెలలు ఓడ తరఫున దాచాలి. రసీదు మూడేళ్లు ఉంచాలి. తనిఖీకి వచ్చేవాళ్లు అడిగేది అవే. మన ఇళ్లల్లో కూడా ఓడల మీద పనిచేసే తమ్ముళ్లు, మరుదులు, కొడుకులు ఉన్నారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" అని అడిగాక, "నూనె సరిగ్గా కొలిచారా" అని కూడా అడగండి. అడిగేవాళ్లు ఇంట్లో ఉన్నారని వాళ్లకి తెలియాలి.

నిన్న మా చిన్నది ఇరవై మూడు దీపాలు లెక్కపెట్టింది. నేను ఇరవై రెండే అన్నాను. ఒప్పుకోలేదు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాం.