మ్యాపు మీద ఆమడ ఎంత?

ఫాంటసీ ఆటలు ఆడేవాళ్ళ మధ్య గొడవ పెట్టాలంటే ఒక్క ప్రశ్న చాలు. "ఈ ఊరి నుంచి ఆ కోటకి ఎన్ని రోజులు?" అనండి, ఇక తమాషా చూడండి. పుస్తకం చివర మడతపెట్టిన మ్యాపు ఒకటి చెబుతుంది, లోపల అధ్యాయం ఇంకోటి చెబుతుంది. కథలో వీరుడు ఈ రెండిటినీ ఖాతరు చెయ్యకుండా సాయంత్రానికల్లా కోట ముందు గుర్రం దిగుతాడు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1974లో అమెరికాలో పుట్టిన ఆట. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు లోకాన్ని వర్ణిస్తూ ఉంటాడు, మిగతావాళ్ళు తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు, పాచికలు వేసి ఫలితం తేల్చుకుంటారు. మా హైదరాబాదు బ్యాచ్‌లో ఆ వర్ణించే ఉద్యోగం నాది. జీతం లేదు, తిట్లు మాత్రం టైముకి అందుతాయి :)

ఈ దూరాల గోల చిన్నచిన్న ఆటలకే పరిమితం అనుకోకండి. ఫర్గాటెన్ రెల్మ్స్ అని డీ అండ్ డీలో బాగా పేరున్న ప్రపంచం ఉంది. 1987లో పెట్టెలో పెట్టి అమ్మారు. 2001లో మూడో ఎడిషన్‌కి మ్యాపు మళ్ళీ గీసినప్పుడు మధ్యలో ఖాళీగా ఉన్న చోట్లని కుదించేశారు. పాత పుస్తకాల్లో రాసుకున్న ప్రయాణాలు మాత్రం పాతవే కదా! డేటాబేస్ స్కీమా మార్చి, పాత డేటాని మైగ్రేట్ చెయ్యకుండా వదిలేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరియల్ అయితే 2017లో వచ్చిన ఏడో సీజన్లో పూర్తిగా చేతులెత్తేసింది. గోడకి అవతల మంచులో చిక్కుకున్నవాళ్ళ కబురు కాకి మీద దక్షిణాదికి చేరడం, అక్కడినించి డ్రాగన్లు ఎగిరి రావడం, అంతా ఒక్క ఎపిసోడ్లో ముగిసింది. మన బాహుబలి సంగతి అడగకండి. రెండు భాగాలూ చూశాను, మాహిష్మతి నుంచి కుంతల ఎంత దూరమో ఇప్పటికీ చెప్పలేను.

"డ్రాగన్ని నమ్మినవాడివి, దూరం దగ్గర లాజిక్కు వెతుకుతావేంటి?" అని ఒక మిత్రుడి వాదన. నాకిది అస్సలు నచ్చదు. డ్రాగన్ ఉందని ఆట ముందే చెప్పింది, నేను ఒప్పుకున్నాను. దారి రెండు రోజులని చెప్పి ఒక రోజులో చేర్చేస్తే, అది నాతో చేసుకున్న ఒప్పందం తప్పడం. పైగా ఆటలో నేను తీసుకునే నిర్ణయాలన్నీ దూరం మీదే ఆధారపడి ఉంటాయి. తిండి ఎంత మొయ్యాలి, సైన్యం వచ్చేదాకా తలుపు కాయగలమా, మందు వేళకి అందుతుందా? దూరానికి విలువ లేకపోతే ఈ ప్రశ్నలకీ విలువ లేదు. కథ రాసేవాడు ఎలా కావాలంటే అలా జరుగుతుంది, పాచికలు వెయ్యడం దండగ.

అలాగని స్కేలు సరిగ్గా పెడితే చాలా అంటే, చాలదంటాను. 1980లో వచ్చిన గ్రేహాక్ మ్యాపు చూడముచ్చటగా ఉంటుంది. అంతా షడ్భుజాల గళ్ళు, గడికి 30 మైళ్ళు. ఎక్కడ కొలిచినా ఒకటే లెక్క. 30 మైళ్ళంటే దాదాపు 48 కిలోమీటర్లు. ఆ గడిని తెచ్చి మా టెక్కలి మీద పెడితే టెక్కలి, పలాస, నౌపడ ఉప్పు మడులు, ఉద్దానం తోటల్లో పెద్ద ముక్క, కొంత సముద్రం, అన్నీ అందులోనే పడిపోతాయి. ఒక గడి, ఒకే రకం నేల. మ్యాపులో తప్పు లేదు, కానీ మా ఊళ్ళ గురించి అది చెప్పింది కూడా ఏమీ లేదు.

డీ అండ్ డీ 2014 రూల్సులో మామూలు నడక రోజుకి 24 మైళ్ళు, అంటే సుమారు 38 కిలోమీటర్లు. టెక్కలి నుంచి పలాస హైవే మీద 30 కిలోమీటర్ల చిల్లర. పొద్దున్న బయల్దేరినవాడు సాయంత్రం టీ వేళకి కాశీబుగ్గలో ఉంటాడు. బాగానే ఉంది. ఇప్పుడు పలాస నుంచి సముద్రం వైపు తిరగండి. పదిహేను కిలోమీటర్లు అటూ ఇటూ, అంతే. రూలు ప్రకారం సగం రోజు కూడా పట్టదు. కానీ కాలు దిగబడే ఇసక నేల, కొబ్బరి తోటలూ జీడి తోటలూ, వాటి మధ్య ఏ మలుపూ ఇంకో మలుపులా లేదనిపించదు. వానాకాలం గెడ్డ పొంగిందంటే చుట్టు తిరగాలి. ఎవరినైనా అడిగితే "ఎంతో దూరం నేదు బాబూ, ఆ తోట దాటితే ఊరే" అంటారు. ఏ తోట అన్నది మాత్రం చెప్పరు!

రైల్వేవాళ్ళు ఈ విషయంలో కాస్త నిజాయితీపరులు. 'శ్రీకాకుళం రోడ్' స్టేషన్లో దిగితే మీరున్నది ఆమదాలవలసలో. శ్రీకాకుళం ఇంకా 13 కిలోమీటర్లు. 'మందస రోడ్' కూడా అదే బాపతు. పేరులో ఆ 'రోడ్' అన్న ముక్క ఉందంటే "ఇంకా చేరలేదు నాయనా" అని అర్థం.

మన పాతవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. క్రోశం అంటే సంస్కృతంలో కేక. కేక వినిపించేంత దూరం అన్న ఊహలోంచి వచ్చిన కొలత మన క్రోసు. నాలుగు క్రోసులు ఆమడ. ఇంతా చేసి ఆ క్రోసు ఎంత అంటే ఒక్కో సీమలో ఒక్కో లెక్క. ఇప్పటి కళ్ళతో చూస్తే ఇదంతా అస్తవ్యస్తం. కానీ మజిలీ అన్న మాట చూడండి. ఆ పూటకి ఎక్కడ ఆగుతామో అదే మజిలీ. అందులో నేల, ఎండ, ఏరు, మనిషి ఓపిక అన్నీ కలిసే ఉన్నాయి. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో ప్రయాణం సాగేది మజిలీల లెక్కనే, మజిలీకో కథ. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్ళి, తిరుగు ప్రయాణంలో జగన్నాథం నుంచి ఇచ్ఛాపురం, శ్రీకాకుళం మీదుగా దిగి 1831 సెప్టెంబరుకి ఇల్లు చేరారు. ఆయన యాత్రా చరిత్రలో మజిలీ తర్వాత మజిలీ, దారి ఎలా ఉంది, ఏరు ఎలా దాటాలి, సరుకులు దొరుకుతాయా అని రాసుకుంటూ పోతారు. ఫాంటసీ లోకం కట్టేవాళ్ళకి అంతకన్నా మంచి టెంప్లేట్ నాకు కనబడలేదు.

మన భాషలో చెప్పాలంటే మ్యాపు బొమ్మ కాదు, గ్రాఫు. ఊళ్ళు నోడ్లు, దారులు ఎడ్జులు. ఎడ్జు వెయిటు కిలోమీటర్లు కాదు, గంటలు. ఆ గంటలు కూడా స్థిరం కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు వేళ్ళతో సహా లేచి దారుల మీద అడ్డంగా పడ్డాయి. ముందు రోజు ఆటోలో అరగంటలో చేరే ఊరికి ఆ రోజు చెట్లు నరుక్కుంటూ వెళ్ళాల్సిందే. అంగుళం కూడా మారలేదు, దూరం మాత్రం మారిపోయింది.

ఇదంతా ఆట గోలే అనుకుంటే ఇంకో లెక్క చెబుతాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందే. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, వెళ్ళిన ప్రతిసారీ మంచం మీద సుమారు నాలుగు గంటలు. ఒకప్పుడు దానికోసం శ్రీకాకుళమో విశాఖపట్నమో పోవాలి. పలాస నుంచి విశాఖ 180 కిలోమీటర్ల పైనే. తర్వాత సోంపేట, కవిటి లాంటి చోట్ల కేంద్రాలు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది. మ్యాపులో చూస్తే ఇప్పుడు అంతా దగ్గరే. కానీ తోటల లోపలి ఊరి నుంచి వచ్చే మనిషికి దూరమంటే ఆటో దొరికేదాకా ఎదురుచూపు, నాలుగు గంటల మంచం, తిరిగి వెళ్ళే ఓపిక, తోడు వచ్చినవాడికి పోయిన ఆ రోజు కూలీ. దాన్ని "15 కి.మీ." అని రాస్తే ఎలా?

అందుకే మా శనివారం ఆటకి నేను గీసిన తీరంలో స్కేలు గీత లేదు. కొండ కింద ఒక సంత ఊరు, సముద్రం ఒడ్డున తోటల మధ్య తొమ్మిది పల్లెలు. పక్కన ఒక పట్టిక: ఎండాకాలం ఎన్ని పూటలు, గెడ్డ పొంగితే ఎన్ని, తుఫాను మర్నాడు ఎన్ని. ఒక పల్లెలో ఒక ముసలమ్మని మూడు రోజులకోసారి సంత ఊళ్ళో వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి, పోను ఒక పూట, రాను ఒక పూట. నిధి ఉన్న గుహకేమో అయిదు రోజుల దారి. ఎప్పుడూ కత్తి దూసేసే మావాళ్ళు ఆ పట్టిక ముందు పెట్టుకుని గంటన్నర వాదించుకున్నారు. ఇచ్ఛాపురం వైపు కుర్రాడొకడు అసలు గుహ సంగతే ఎత్తలేదు. గెడ్డ మీద వంతెనకి ఎన్ని తాటి దూలాలు కావాలని అడిగాడు.

నా పట్టికలో ఇసక, గెడ్డ, తుఫాను ఉన్నాయి. రేగడి నేలలో మొదటి వాన పడ్డాక బండికి ఎంత పడుతుందో, లంక ఊళ్ళలో వరదప్పుడు పడవకి ఎంత పడుతుందో అక్కడివాళ్ళే చెప్పాలి. కిలోమీటర్లు వద్దు, పూటల్లో చెప్పండి.