కారెక్కిన సైకిలు

శనివారం మధ్యాహ్నం. విజయవాడలో ఓ అపార్ట్‌మెంటు సెల్లార్. కారు మీదకు సైకిలు ఎక్కుతోంది. తెల్లారితే హైదరాబాద్‌లో రేసు. తొక్కేది ఇంటర్ చదివే అమ్మాయి. తాళ్లు బిగించేది నాన్న. పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసాలు సర్దేది అమ్మ.

‘ఏవండీ, పోయిన నెలా ఇలాగే వెళ్లొచ్చాం. పెట్రోలుకే మూడు వేలు దాటింది. ఎంట్రీ ఫీజు, టోలు, తిండి అన్నీ కలిపితే ఎంతైందో చూశారా? ఇలాగైతే వచ్చే నెల రేసు మానుకోవాల్సిందే’ అంది అమ్మ.

నాన్న తాడు బిగించడం ఆపేశాడు. అమ్మాయి మొహం చిన్నబోయింది. కాసేపాగి ‘రేసు మానక్కర్లేదు నాన్నా... సైకిల్ని కిందకి దించితే చాలు’ అంది.

ఈ ఇల్లు విజయవాడలోనే ఉండాలని లేదు. వరంగల్‌లో ఉండొచ్చు, విశాఖలో ఉండొచ్చు, కర్నూలులోనూ ఉండొచ్చు. పిల్లలు సరదాగా మొదలుపెట్టిన సైక్లింగ్ ఏ ఇంట్లో పోటీల దాకా వెళ్లినా, ఏదో ఒకరోజు సంభాషణ ఇక్కడికే వస్తుంది. సైకిలుకు పెట్రోలు అక్కర్లేదు. కానీ దాన్ని రేసు దాకా తీసుకెళ్లే కారుకు కావాలి!

గాలికి ఎదురీత

ఇంతకీ ఆ అమ్మాయి మాటలో నిజమెంత? లెక్క వేసి చూద్దాం.

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు సుమారు 270 కిలోమీటర్లు. రానూపోనూ 540. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారైతే 30 లీటర్లు చాలు. ఇక సైకిలు సంగతి. రేసు సైకిలు బరువు ఎనిమిది నుంచి పది కిలోలు. పోటీల్లో వాడే సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం కూడా ఉంది. కారులో 45 కిలోల అదనపు బరువు వేస్తే మైలేజీ తగ్గేది ఒక్క శాతమే. ఆ లెక్కన పది కిలోల సైకిలు కారుకు ఓ మూలా చాలదు.

మరి తేడా ఎక్కడొస్తోంది? గాలి దగ్గర.

కారు కంపెనీలు పైకప్పును నున్నగా, వంపుగా చేసేది అందం కోసమే కాదు, గాలి సాఫీగా జారిపోవడానికి కూడా. దాని మీద హ్యాండిల్, పెడళ్లు, చక్రాలు, సీటు ఉన్న సైకిల్ని నిలబెడితే గాలికి అడుగడుగునా అడ్డమే. అమెరికా ప్రభుత్వ ఇంధన విభాగం చెప్పే ప్రకారం, పైన సామాను పెట్టె బిగించిన కారుకు మైలేజీ ఊళ్లో తిరిగితే 2 నుంచి 8 శాతం తగ్గుతుంది. హైవే మీద 6 నుంచి 17 శాతం. గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 10 నుంచి 25 శాతం! కారు పైన బిగించే ర్యాకుల వల్ల ఇంధన ఖర్చు 25 శాతం దాకా పెరగొచ్చని 2016లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధన కూడా తేల్చింది.

మన కారుకు 20 శాతం ఎక్కువ ఖర్చయిందనే అనుకుందాం. 30 లీటర్లు కాస్తా 36 అవుతాయి. లీటరు వంద రూపాయలకే లెక్కేసినా ఒక్క ప్రయాణానికి 600 రూపాయలు. ఏడాదికి పది రేసులుంటే 6,000. ఆ డబ్బుతో సైకిలుకు మంచి టైర్ల జత వస్తుంది. లేదంటే మరో రెండు ఊళ్ల రేసులకు వెళ్లి రావచ్చు.

తమాషా ఏంటంటే ఈ గాలి సంగతి సైకిలు తొక్కేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. హ్యాండిల్ మీదకు వంగి తొక్కేది, వంటికి అతుక్కునే బట్టలు వేసుకునేది, ముందువాళ్ల చాటున నక్కి వెళ్లేది... అన్నీ గాలిని తప్పించుకోవడానికే. చదును రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు వాళ్ల శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. రేసులో ఇంత జాగ్రత్తపడే సైకిల్ని తీసుకెళ్లి, కారు మీద గాలికి ఎదురుగా నిలబెట్టడం విడ్డూరం కాదూ!

లోపల చోటుందిగా!

సైకిలుకు అన్నిటికన్నా మంచి చోటు కారు లోపలే. చిన్న కారైనా పర్వాలేదు. వెనక సీటు మడిచి, రెండు చక్రాలూ విప్పితే సైకిలు హాయిగా పడుతుంది. సీటు సగం సగంగా మడిచే వీలున్న కారైతే సైకిలుతోపాటు ముగ్గురు కూర్చోవచ్చు.

చక్రం విప్పడం ఇప్పుడు నిమిషం పని. దీని వెనక ఓ కథ చెబుతారు. 1927లో ఇటలీలో ఓ కొండ మీద రేసు. గడ్డకట్టించే చలి. టుల్లియో కాంపాగ్నోలో అనే సైక్లిస్టు గేరు మార్చడానికి వెనక చక్రం విప్పబోయాడు. ఆ రోజుల్లో గేరు మార్చాలంటే చక్రం తీయాల్సిందే. వేళ్లు కొంకర్లు పోయి నట్టు తిరగలేదు. రేసు చేజారింది. ఆ కసితోనే మీట తిప్పితే ఊడొచ్చే క్విక్ రిలీజ్‌ని కనిపెట్టాడట. అప్పట్లో రేసు కోసం పుట్టిన ఆ మీట ఇప్పుడు మన పెట్రోలు కూడా మిగులుస్తోంది. కొత్త డిస్క్ బ్రేకు సైకిళ్లలో చాలావాటికి మీట బదులు ఇరుసే మర తిరిగి బయటకు వస్తుంది. దానికి ఆరు పలకల తాళంచెవి (ఎలెన్ కీ) ఒకటి డిక్కీలో ఉంచుకుంటే చాలు.

సర్దేటప్పుడు కొన్ని జాగ్రత్తలు:

చైన్, గేర్లు ఉన్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టాలి. లేదంటే గేరు వంగిపోతుంది.

చైనుకు పాత లుంగీయో, దుప్పటి ముక్కో చుట్టాలి. సీటుకు అంటిన గ్రీజు మరక ఓ పట్టాన వదలదు.

సీటు దించాల్సి వస్తే ముందు ఆ కొలత దగ్గర టేపు ముక్క అంటించాలి. రేసు రోజు పొద్దున ఎత్తు కోసం వెతుక్కునే పని తప్పుతుంది.

డిస్క్ బ్రేకులుంటే, చక్రం తీశాక బ్రేకు మీట నొక్కకూడదు. నొక్కితే లోపలి ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి చక్రం మళ్లీ ఎక్కదు. మధ్యలో మందపాటి అట్టముక్క పెడితే సరి.

అన్నిటికన్నా ముఖ్యం... సైకిల్ని తాళ్లతో కదలకుండా కట్టాలి. సడన్ బ్రేకు వేస్తే పది కిలోల ఇనుము ముందు సీట్లో ఉన్నవాళ్ల తల మీదకు వస్తుంది.

లోపల కుదరకపోతే?

ఇంటిల్లిపాదీ బయల్దేరితే లోపల చోటుండదు. అప్పుడు పైన కన్నా వెనక కట్టడం మేలు. కారు చీల్చుకెళ్లిన గాలి చాటున సైకిలు ఉంటుంది కాబట్టి నష్టం తక్కువ. వెనక సామాను పెట్టె కడితే హైవే మీద తగ్గేది 1 నుంచి 5 శాతమేనని పైన చెప్పిన ఇంధన విభాగమే అంటోంది. సైకిలు కారు వెడల్పు దాటి బయటకు పొడుచుకొస్తే ఈ లాభం తగ్గిపోతుంది. పక్క బండికి తగిలే ప్రమాదమూ ఉంది. ముందు చక్రం విప్పి లోపల వేసుకుంటే రెండు సమస్యలూ తీరతాయి.

నంబరు ప్లేటు, వెనక లైట్లు కనబడేలా చూసుకోవాలి. సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా టైరు రాకుండా చూడాలి. గంటల తరబడి వేడి పొగ తగిలితే టైరు, రిమ్ము పాడవుతాయి. స్పీడ్ బ్రేకర్ల దగ్గర కారు వెనక భాగం దిగినప్పుడు చక్రం నేలకు రాసుకుంటోందేమో బయల్దేరే ముందే చూసుకోవాలి.

పైన కట్టడం తప్పదంటారా? గంటకు 80 దాటకండి. పైన సైకిలుందన్న సంగతి మర్చిపోకండి. వందల కిలోమీటర్లు భద్రంగా వచ్చిన సైకిలు ఇంటి పోర్టికో అంచుకు కొట్టుకుంటే ఆ నష్టం పెట్రోలు లెక్కలో తేలేది కాదు. ఇంటికి రాగానే ర్యాకు విప్పేయండి. సైకిలు లేకపోయినా ఉత్త ర్యాకు కూడా గాలికి అడ్డమే.

కుడికాలి కింద డబ్బు

సైకిల్ని దించాక మిగిలిన పొదుపంతా నాన్న కుడికాలి కిందే ఉంది.

గాలి తాకిడి వేగంతోపాటు మామూలుగా పెరగదు. వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. 80తో వెళ్లే కారు 100 అందుకుంటే గాలి నిరోధం 56 శాతం పెరుగుతుంది. 120 అయితే రెండింతలకు పైనే. 270 కిలోమీటర్ల దూరాన్ని 100తో వెళ్తే 2 గంటల 42 నిమిషాలు. 80తో అయితే 3 గంటల 22 నిమిషాలు. అంటే తేడా 40 నిమిషాలే. ఆ మాత్రం ముందు బయల్దేరితే రెండు మూడు లీటర్లు మిగలడం కష్టమేం కాదు. ఇంధన పొదుపు కోసం కేంద్ర ప్రభుత్వం 1978లో ఏర్పాటు చేసిన పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ అయితే 45-55 కిలోమీటర్ల వేగమే అన్నిటికన్నా పొదుపు అని ఏళ్లుగా చెబుతోంది. హైవే మీద అంత నెమ్మది కుదరకపోవచ్చు. ఎడమ వరుసలో నిలకడగా 80తో వెళ్లడం మాత్రం కుదురుతుంది.

టైర్లలో గాలి ఇంకోటి. సైకిలు టైర్లలో గాలిని పాయింటు తేడా లేకుండా చూసుకునే ఇళ్లలోనే కారు టైర్ల గాలి చూసి నెలలైపోతుంది. నాలుగు టైర్లలోనూ ఒక్కో పాయింటు తగ్గేకొద్దీ మైలేజీ 0.2 శాతం చొప్పున పడిపోతుంది. ఇది ఉచితంగా దొరికే పొదుపు. బంకులో రెండు నిమిషాలు ఆగితే చాలు.

రేసు దగ్గర మరో దుబారా ఉంది. పిల్ల తొక్కుతున్నంత సేపూ ఏసీ వేసుకుని కారులో కూర్చోవడం. కారు కదలకపోయినా ఇంజిన్ నడుస్తుంటే గంటకు లీటరు దాకా పోతుంది. పెద్ద బండైతే ఇంకా ఎక్కువ. చెట్టు నీడన నిలబడి చప్పట్లు కొడితే పెట్రోలూ మిగులుతుంది, పిల్లకూ హుషారొస్తుంది.

ఒక్క కిటుకు మాత్రం సైకిలు మీద నుంచి కారులోకి తేకూడదు. ముందు వెళ్లే లారీకి దగ్గరగా, దాని చాటున వెళ్తే గాలి తగలదు నిజమే. కానీ లారీ బ్రేకు వేస్తే ఆగే చోటుండదు. ఆ పొదుపు ప్రాణం మీదకు తెస్తుంది.

నలుగురూ కలిస్తే...

పై జాగ్రత్తలన్నీ కలిపినా మిగిలేది ఓ ఎత్తు. ఇద్దరు పిల్లలు ఒకే కారులో వెళ్తే మిగిలేది ఇంకో ఎత్తు. ఒకే ఊరి నుంచి ఒకే రేసుకు రెండు కార్లు వెళ్లడం కన్నా దండగ లేదు. రెండిళ్లు కలిస్తే 30 లీటర్ల ఖర్చు 15 అవుతుంది. ఏ మెళకువా ఇంత మిగల్చలేదు. ఏడెనిమిది మంది ఉంటే సైకిళ్లన్నిటికీ కలిపి ఓ టాటా ఏస్ మాట్లాడుకుని, మనుషులు బస్సులోనో రైల్లోనో వెళ్లొచ్చు. సైకిళ్లతోపాటు పిల్లల్నీ వెనక ఎక్కించడం మాత్రం వద్దు. అది సామాను బండి.

అసలు కారే ఎందుకు? సైకిల్ని లగేజీగా బుక్ చేస్తే రైలు బ్రేక్‌వ్యాన్‌లో వస్తుంది. స్టేషన్ పార్సిల్ ఆఫీసుకు ముందుగా వెళ్లి, సైకిలుకు పాత దుప్పట్లు చుట్టి, పేరు, దిగే స్టేషను రాసిన చీటీ కట్టి, రసీదు తీసుకోవాలి. దిగే ఊరే రైలుకు ఆఖరి స్టేషనైతే మరీ మంచిది. రెండు నిమిషాలే ఆగే చోట దించుకోవడం హడావుడి. విజయవాడ వాళ్లకు సికింద్రాబాద్‌లో ఆగిపోయే రైళ్లు ఉండనే ఉన్నాయి.

రేసు ఊరికి దగ్గర్లోనే... ఓ పదిహేను, ఇరవై కిలోమీటర్లలో ఉందా? అప్పుడు సలహా ఒక్కటే. తొక్కుకుంటూ వెళ్లిపోవడమే. రేసుకు ముందు ఒళ్లు వేడెక్కించుకోవడానికి ఎలాగూ తొక్కాలి కదా!

మళ్లీ ఆ సెల్లార్‌లోకి వెళ్దాం. నాన్న తాళ్లు విప్పాడు. అమ్మాయి చక్రాలు విప్పింది. అమ్మ పాత లుంగీ తెచ్చి చైనుకు చుట్టింది. పై అంతస్తులో ఉండే కుర్రాడికీ అదే రేసు. వాళ్ల నాన్నకు ఫోను వెళ్లింది. వచ్చే నెల నుంచి ఒక నెల వీళ్ల కారు, ఒక నెల వాళ్ల కారు అనుకున్నారు. పైకప్పు ఖాళీ అయింది. కారు తేలికపడింది.

‘మరి వచ్చే నెల రేసో?’ అనడిగింది అమ్మాయి డిక్కీ మూస్తూ.

‘ముందు రేపటిది తొక్కు తల్లీ’ అన్నాడు నాన్న. ఎంట్రీ ఫీజు కట్టొద్దని మాత్రం ఈసారి అమ్మ అనలేదు.